అంకమరావు ఏరుకున్న మేగజైన్

నేను ఒక మేగజైన్‌ని. చదివే పత్రిక అనుకునేరు, నాలో అక్షరం ముక్క లేదు. పిస్తోలు పిడిలోకి కింద నుంచి దూరి కూర్చునే ఇనుప డబ్బాని. ఎనిమిది తూటాలు పడతాయి. అడుగున స్ప్రింగు, దాని మీద ఒక పలక, పైన రెండు పెదవులు. పిస్తోలు మీదుండే స్లైడును వెనక్కి లాగి వదిలితే చాలు, ఒక తూటాను గొట్టంలోకి ఎక్కించేస్తాను. అది ఎవరి కోసమని అడిగే హక్కు మాత్రం నాకు లేదు.

నన్ను పిస్తోలు చేసిన కంపెనీ చెయ్యలేదు. ఎక్కడో రేకుల షెడ్డులో, ప్రెస్సు కింద నలిగి పుట్టిన బయటి సరుకుని. ఒంగోలులో ఒక ఆయుధాల దుకాణంలో, నాలాంటి మరో ఇద్దరితో కలిసి అద్దాల బీరువాలో రెండేళ్లు పడి ఉన్నాను. వచ్చినవాళ్లంతా మమ్మల్ని చూసి మూతి విరిచేవాళ్లు. మనుషులకు తుపాకి విషయంలో కూడా కులగోత్రాల పట్టింపే.

అలాంటి రోజుల్లో అంకమరావు వచ్చాడు. చీమకుర్తి దగ్గర గ్రానైటు క్వారీ ఉంది ఆయనకు. తమ్ముడు మాల్యాద్రిని కొడుకులా పెంచి, పెళ్లి చేసి, పక్కనే పెట్టుకున్నాడు. దుకాణానికి వచ్చిన ఆ నెలలోనే డీజిలు దొంగలు క్వారీ మీద పడ్డారు. ఈయన పిస్తోలు తీశాడు, స్లైడు లాగాడు, పాత మేగజైన్ తూటా ఎక్కించలేదు. కళ్లెదుటే తమ్ముడి నెత్తిన ఇనుప రాడ్డు పడింది. పదకొండు కుట్లతో బయటపడ్డాడు మాల్యాద్రి.

"సాయిబు గారూ, నాకు అందం అక్కర్లా. లాగితే ఎక్కాల. అంతే. ఈసారి నా తమ్ముడికేమన్నా అయితే నేను బతకను," అన్నాడు అంకమరావు.

మరమ్మతులు చేసే కరీముల్లా మమ్మల్ని ముగ్గుర్నీ గుడ్డ మీద పరిచాడు. "కంపెనీది దొరకదు రావు గారూ. బయటిదైనా చూసి తీసుకుంటే దిగుల్లేదు. ఇదిగో, ఈ పెదవులు రెండూ సమానంగా ఉండాల. పలకను వేలితో నొక్కితే పక్కకు ఒరగకూడదు. పిస్తోలు బొత్తాం నొక్కితే దాని బరువుకు అదే జారి కింద పడాల."

మొదటివాడి పెదవి వంకర. రెండోవాడి పలక నొక్కితే ఒరిగి ఇరుక్కుంది. నేను మాత్రం నునుపుగా దిగి నునుపుగా లేచాను. తర్వాత మైదానంలో నాతో వందసార్లు కాల్చి చూశారు, ఒక్కసారి కూడా తడబడలేదు. "బంగారంరా నువ్వు!" అని అంకమరావు నన్ను చొక్కాకు తుడిచాడు. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు గర్వంతో కళ్లు నెత్తికెక్కాయి.

అంకమరావు ఇంట్లో సొరుగులో నా పక్కన పాత మేగజైన్ ఉండేది. పెదవులు విచ్చుకుని, ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు. చేతగానిదని దాన్ని చూసి నవ్వుకునేవాణ్ని. పగటిపూట కూడా ఆ సొరుగులో చల్లగా ఉండేది.

అంకమరావుకు కొత్త ముచ్చట ఒకటి పట్టుకుంది. రోజూ పొద్దున్నే స్లైడు లాగి, నేను తూటా ఎక్కించడం చూసి మురిసిపోయేవాడు. తర్వాత నన్ను తీసేసి, స్లైడు మళ్లీ లాగి, ఆ తూటాను బయటికి తీసి నాలో పెట్టేవాడు.

దసరాకు క్వారీలో ఆయుధపూజ. డ్రిల్లింగు మిషన్లకు, క్రేనుకు బొట్లు పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అంకమరావు స్లైడు లాగాడు. నేను ఎక్కించాను. అప్పుడే మాల్యాద్రి భార్య సుబ్బరత్నం పళ్లెంతో వచ్చింది. "బావగారూ, దానికి కూడా బొట్టు పెడతా, ఇటివ్వండి."

ఆయన నన్ను బయటికి తీసి పళ్లెంలో పెట్టాడు. రెండోసారి స్లైడు లాగలేదు.

ఆమె నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టింది. నాలో ఏడే ఉన్నాయి. పైన ఒకటి ఖాళీ. నా ఒంటికున్న బెజ్జాల్లోంచి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఎవరూ చూడలేదు. మేగజైన్ తీసేస్తే పిస్తోలు చచ్చినట్టేనని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

వాళ్లకొక ఆనవాయితీ ఉంది. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి తమ్ముడు ఎత్తి పట్టుకుంటాడు. అన్న ఉత్త పిస్తోలు గురిపెట్టి ఒకసారి టిక్కుమనిపిస్తాడు. దిష్టి చచ్చినట్టు లెక్క. తర్వాతే కాయ పగలగొడతారు. ఇన్నేళ్లూ ఇంతే, ఇంత అజాగ్రత్తగానే చేశారు. పాతది గొట్టంలోకి తూటా ఎక్కించలేదు కాబట్టే ఇన్ని దసరాలూ తమ్ముడు బతికాడు. ఆ చేతగానిది నోరు తెరిచి ఏం చెప్పబోయిందో పసుపు పళ్లెంలో పడుకున్నాక నాకు అర్థమైంది. నాకు అరవాలనిపించింది. ఇనుముకు గొంతెక్కడిది?

మాల్యాద్రి కాయను గుండెల ఎత్తున పట్టుకుని నవ్వుతున్నాడు. "త్వరగా కానియ్యన్నా, చెయ్యి కాలతంది!"

మోత క్వారీ గోడలకు తగిలి మూడుసార్లు తిరిగొచ్చింది. కాయ పగల్లేదు. నడిమధ్య చిన్న బెజ్జం మాత్రం పడింది. కర్పూరం ఇంకా వెలుగుతూనే ఉంది. మాల్యాద్రి ఆ బెజ్జంలోకి వింతగా చూశాడు.

"అన్నా, ఇదేందన్నా?" అన్నాడు. కాయను జాగ్రత్తగా కింద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

రెండేళ్లకు కేసు విచారణకొచ్చింది. సీలు విప్పి నన్ను కోర్టు బల్ల మీద పెట్టారు. నా మీద కుంకుమ ఎండి నల్లబడింది. అంకమరావు సగమైపోయాడు. వకీలు ఆయనకు ముందే నేర్పి తెచ్చాడు: నాసిరకం బయటి మేగజైన్, దాని లోపం వల్లే ఇలా జరిగింది అని చెబితే చాలు, శిక్ష తగ్గుతుంది.

"మేగజైన్‌లో లోపం ఉందా?" అని జడ్జి అడిగాడు.

అంకమరావు నన్ను ఇవ్వమన్నాడు. చేతిలోకి తీసుకుని పలకను బొటనవేలితో నొక్కాడు. నేను నునుపుగా దిగి నునుపుగా లేచాను. వెనక బెంచీలో సుబ్బరత్నం తెల్లచీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"లేదండీ. దీంట్లో ఏ తప్పూ లేదు," అన్నాడు అంకమరావు. "మా వాడి కోసం నేనే ఏరి తెచ్చా."

నాకు జీవితంలో దక్కిన పెద్ద మెప్పు అదే. ఆయన అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేది!