తినని భజియా

సోమలింగం ఆ రోజు భజియా ముట్టలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయన కోడలు ప్రసన్నకు తెలుసు. మిగతా వాళ్లందరూ తినే పనిలో ఉన్నారు.

ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ సూరత్ పక్కనున్న డుమస్ బీచికి వచ్చారు, సోమలింగం తమ్ముడు పరమేశ్వర్ వ్యానులో. డుమస్ దాకా వచ్చి అక్కడి టమాటా బజ్జీ, అదే భజియా, తినకపోతే వచ్చినట్టే లెక్క కాదు. అందరూ ఇసుక మీద చాప పరుచుకుని ప్లేట్లు ఖాళీ చేస్తుంటే, సోమలింగం తన కాగితం ప్లేటును మెల్లగా వెనక్కి జరిపాడు. ఓ గోధుమరంగు కుక్క వచ్చి శుభ్రంగా నాకేసింది. ఆయన దాన్ని అదిలించలేదు. ఎడమ దవడ పట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. గాలి చల్లగా కొడుతున్నా నుదుటి నిండా చెమట.

"ఛాతిల పట్టేసినట్టున్నది" అన్నాడు చివరికి.

"భజియాలు ఎక్కువైనయే అన్నా" అని పరమేశ్వర్ తేల్చేశాడు. మగ్గం చెడినా, మొగుడూ పెళ్లాలకు చెడినా తీర్పు చెప్పడానికి ఆయన ఎప్పుడూ సిద్ధమే. పరుగున పోయి నిమ్మకాయ సోడా తెచ్చాడు. అన్న తాగాడు, తేన్చాడు. తేన్పు వినగానే అందరి ప్రాణం కుదుటపడింది. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

ప్రసన్న కుక్క నాకిన ప్లేటు వైపు చూసింది. తినని భజియా గ్యాస్ ఎలా అవుతుంది?

కానీ ఆ మాట మామకు చెప్పేదెలా? సోమలింగం ఇంట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు, మామ కోడలితో మాట్లాడడు. చాయ్‌లో చక్కెర సరిపోయిందా అన్న ప్రశ్న కూడా అత్త ప్రమీల మీదుగా పోయి, జవాబు మళ్లీ ఆమె మీదుగానే రావాలి. సోమలింగం తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడ్డ మనిషి, మరమగ్గాల ఖార్ఖానాలో మాస్టర్. ఆయన కేకేస్తే అంత మోతలోనూ వినపడుతుంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మందు గోళీ మింగలేదని గొప్పగా చెప్పుకుంటాడు. ప్రసన్న సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, చీరల దుకాణంలో బిల్లులు కొడుతుంది, బేరగాళ్లతో గుజరాతీలో వాదించి గెలుస్తుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మామ అప్పుడప్పుడూ గోడతో అంటుండేవాడు. ఆ మాట గోడకు కాదని గోడకు కూడా తెలుసు.

"అత్తమ్మా, మామ భజియా తినలే. కుక్క తిన్నది, నేను చూసిన. ఇది గ్యాస్ కాదు, దవాఖానకు పోదాం."

ప్రమీల ఆ మాటను రెండడుగుల దూరంలో ఉన్న మొగుడికి చేరవేసింది.

"తినకపోవుడేంది? తిన్న" అన్నాడు సోమలింగం, సముద్రం మీద నుంచి చూపు తిప్పకుండా.

ప్రసన్న బిత్తరపోయింది. అబద్ధం. పెద్దమనిషి పచ్చి అబద్ధం ఆడాడు. పరమేశ్వర్ నవ్వి, "విన్నవా బిడ్డా? ఇగ పోదాం, ఇంటికి పోయి పంటే సాఫ్ అయితది" అన్నాడు.

వ్యాను నడిపేది ప్రసన్న మొగుడు రాజు. ఒక పక్క తండ్రి, ఒక పక్క పెళ్లాం, అడకత్తెరలో పోకచెక్కలా అయ్యాడు పాపం. "రోడ్డు మీదనే పెద్ద దవాఖాన ఉన్నది, తిప్పు" అని ఆమె వెనక సీట్లోంచి రెండుసార్లు అంది. "నాయిన వద్దంటున్నడు గదా" అని అతను రెండుసార్లూ అదే జవాబిచ్చాడు. ముందు సీట్లో సోమలింగం తల వెనక్కి వాల్చి ఎడమ చేయి నిమురుకుంటున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి.

సిగ్నల్ దగ్గర బండి ఆగింది. ప్రసన్న తలుపు లాగి దిగింది. ముందుకు నడిచి, వ్యానుకు ఎదురుగా నిలబడింది. పచ్చ దీపం పడింది. ఆమె కదల్లేదు. వెనక ఉన్న కార్లూ స్కూటర్లూ ఒక్కసారిగా హారన్లు అందుకున్నాయి.

"పిల్లకు పిచ్చిలేసిందారా?" అన్నాడు పరమేశ్వర్.

ఆమె ఎవరి మీదుగానూ మాట పంపలేదు. అద్దంలోంచి మామ కళ్లలోకే చూస్తూ అంది.

"మామా, మీరు తినలే. మీకు తెలుసు, నాకు తెలుసు. నన్ను రేపు ఇంట్లకెళ్లి ఎల్లగొట్టుర్రి, పోత. ఇయ్యాల మాత్రం బండి దవాఖానకు తిరిగితేనే నేను పక్కకు జరుగుత."

సోమలింగం నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. ఖార్ఖానా మోతలో వినపడే గొంతు అది. ఆ గొంతు పెగలకపోవడం రాజు చూశాడు. ఇక ఎవరినీ అడగకుండా దవాఖాన వైపు ఇండికేటర్ వేశాడు.

అక్కడ డ్యూటీలో ఉన్న గుండె డాక్టరు నీరజ కరీంనగర్ మనిషి. వీళ్ల మాట వినగానే తెలుగులోకి దిగింది. ఆయన ఛాతీకి వైర్లు అంటించి ఈసీజీ తీయించింది. కాగితం ఆ చివర నుంచి ఈ చివరకు చూసి, "ఇందులో పెద్దగా తేడా కనపడట్లేదు" అంది.

"నేను చెప్పలే?" అని పరమేశ్వర్ లేచి నిలబడ్డాడు. "భజియా! నడువుర్రి."

సోమలింగం మంచం మీంచి ఒక కాలు కింద పెట్టాడు. ప్రసన్న చెప్పులు తీసి చంకలో పెట్టుకుంది. తనవి కాదు, ఆయనవి.

"డాక్టరమ్మ పొమ్మన్నదా? తేడా లేదన్నది అంతే. మేడం, మామ ఏమీ తినలే. నొప్పి మేం తింటున్నప్పుడే మొదలైంది. చెమటలు పట్టినయి, దవడ గుంజింది."

"తిన్న" అన్నాడు సోమలింగం మొండిగా.

నీరజ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తిన్నా తినకున్నా మీరు కదలొద్దు పెద్దయ్యా. తీసిన నిమిషంలో గుండె ఎట్లున్నదో అదే చెప్తది ఈసీజీ. తర్వాతి నిమిషం సంగతి దానికి తెల్వదు. నొప్పి ఇంకా ఉన్నది కాబట్టి మళ్లీ తీస్తం. రక్తపరీక్ష కూడా చేస్తం. గుండె కండరం దెబ్బతింటుంటే రక్తంలో తెలుస్తది."

కాసేపటికి రెండోసారి తీశారు. ఈసారి గీతలు గుట్టల్లా పైకి లేచాయి. నీరజ ముఖం మారింది, నడక వేగమైంది. హార్ట్ అటాక్ అనీ, గుండె ముందువైపు రక్తనాళం మూసుకుపోతోందనీ రెండు ముక్కల్లో చెప్పింది. ఆస్పిరిన్ నమలమని నోట్లో పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక మొదటి గోళీ, అదీ నమిలి మింగాడు సోమలింగం. మణికట్టు దగ్గర నుంచి సన్నని గొట్టం గుండె దాకా పంపి, మందు ఎక్కించి ఎక్స్‌రే తెర మీద అడ్డు ఎక్కడుందో చూస్తామనీ, అక్కడ బెలూను ఉబ్బించి దారి తెరిచి, మళ్లీ మూసుకోకుండా స్టెంటు పెడతామనీ రాజుకు చెప్పి సంతకం పెట్టించుకుంది. స్ట్రెచర్ తలుపుల వెనక్కి వెళ్లిపోయింది.

ప్రసన్న ఆ చెప్పులు పట్టుకునే కూర్చుంది. కోపం ఆగట్లేదు. ఒక ఆడపిల్ల మాట నిజం కాకూడదని చావడానికైనా సిద్ధపడ్డాడా ఈ మనిషి? బతికి బయటికి రానీ, ఆ మాట మొహం మీదే అడుగుతాననుకుంది.

బతికాడు. నాళం తెరుచుకుంది. ఆమె అడగలేదు. ఐసీయూలో వైర్ల మధ్య చిన్నగా అయిపోయిన మనిషిని చూస్తే నోరు రాలేదు.

ఇంటికొచ్చాక పరామర్శల గోల మొదలైంది. వచ్చిన ప్రతివాడికీ పరమేశ్వరే కథ చెప్పేవాడు. ఆ కథలో నూనె చెడ్డది, భజియా చెడ్డది, పరమేశ్వర్ సమయానికి వ్యాను తెచ్చినవాడు. ప్రసన్న వంటింట్లోంచి వింటూ పళ్లు కొరుక్కునేది.

ఓ మధ్యాహ్నం గది నిండా చుట్టాలున్నప్పుడు పరమేశ్వర్ మరో అడుగు ముందుకేశాడు. "ఇగ నొప్పి లేదు గదా అన్నా, ఇన్ని గోళీలు దేనికి? అన్నీ బంద్ పెట్టు. ఇదంతా ఆ భజియా చేసిన పని."

ప్రసన్న గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన గోళీలు డాక్టరు చెప్పేదాకా ఒక్కపూట కూడా మానొద్దనీ, మానితే స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉందనీ నీరజ మరీ మరీ చెప్పింది. ఆ మాట అనడానికి ప్రసన్న నోరు తెరిచేలోపు సోమలింగం గొంతు లేచింది. ఖార్ఖానా మోతలో వినపడే గొంతు.

"నేను భజియా తినలే."

చుట్టాలంతా పరమేశ్వర్ వైపు తిరిగారు.

"మరి ఆనాడు తిన్ననంటివి గదనే?" అన్నాడు పరమేశ్వర్.

"భయమైంది రా. భజియా అయితే సోడతోని పోతది. గుండె అయితే పోదు గద. పిల్ల సూసింది. నేను అబద్ధమాడిన." ఆయన ప్రమీల వైపు తిరగలేదు. గోడ వైపు తిరగలేదు. గుమ్మం వైపు చెయ్యి చాపాడు. "ప్రసన్నా, గోళీ ఇటియ్యి."

ఆ ఇంట్లో మామ ఆమెను పేరుతో పిలవడం అదే మొదలు. ఆమె మాత్రం వెంటనే గోళీ ఇవ్వలేదు. కంచంలో అన్నం పెట్టి తెచ్చి ఆయన ముందుంచి, ఎదురుగా కూర్చుంది.

"మొదలు అన్నం తినుర్రి మామా, గోళీ దాని తర్వాత. తినేదాక నేను ఇక్కడనే కూసుంట. ఇక్కడ కుక్కలు లేవు."