బావ గీసిన బాణాలు

మా ఊరి నడిబొడ్డున ఒక నది ఉంది. ఎవరికీ కనిపించదు. ఎప్పుడో దాని మీద కప్పు వేసి, కప్పు మీద రోడ్డు వేసి, రోడ్డు మీద ట్రాఫిక్ సిగ్నల్ పెట్టి, నదికి ఇక నోరెత్తే అవకాశం లేకుండా చేశారు. అది నేల కిందకి దూరే చోటు సరిగ్గా మా బావ పెరటి వెనకే.

ఆ రోజు మా అక్క బాతు అందులోకి వెళ్ళిపోయింది. బాతు పేరు దొరసాని. అక్క లైబ్రరీలో డ్యూటీకి వెళ్తూ బావకి ఒకే ఒక్క పని చెప్పింది, పెరటి తలుపు తీయొద్దని. గాలాడటం లేదని బావ తీశాడు.

"సాయంత్రం మీ అక్క వచ్చేసరికి బాతు లేకపోతే నేనూ ఉండనురా," అన్నాడు. "మొన్న దానికి జలుబు చేస్తేనే నన్ను హాల్లో పడుకోబెట్టింది."

"హాల్లో పడుకునేది బాతు కదా?"

"అది మంచం మీద పడుకుంది."

టార్చి నేను పట్టుకున్నాను, పెయింటు డబ్బా బావ పట్టుకున్నాడు. బావ షాపుల అద్దాల మీద పేర్లు రాస్తాడు. లోపల నిలబడి తిరగేసి రాస్తే బయటివాళ్ళకి తిన్నగా కనబడుతుంది. ఏళ్ళ తరబడి అదే పని కావడంతో ఆయన సంతకం చూడటానికి బ్యాంకులో విడిగా ఒక అద్దం కొన్నారు.

"మలుపు మలుపుకీ ఇంటివైపు బాణం గీస్తా. ఇక దారి తప్పమన్నా తప్పం," అన్నాడు.

మోకాళ్ళ లోతు నీళ్ళలో, వాలు వెంట నడిచాం. ఊళ్ళో పోయిన గొడుగులన్నీ అక్కడే రిటైరై ఉన్నాయి. పైన పళ్ళ డాక్టరు షాపు వచ్చిందని అరుపుని బట్టి చెప్పాడు బావ. గీసిన ప్రతి బాణానికీ నీడ, నీడకి అంచు, అంచుకి మెరుపు. బాతుకి ఓపిక లేకపోతే ఈపాటికి సముద్రం చేరి సంసారం పెట్టేది.

చివరికి ఒక లావుపాటి స్తంభం దగ్గర, తిరగబడిన గొడుగులో కూర్చుని ఊగుతూ దొరసాని కనబడింది. స్తంభానికి బాణం గీశాకే దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టాడు బావ. స్తంభం చుట్టూ అది ముందు, మేం వెనక. కాసేపటికి మేం ముందు, అది వెనక. దొరికాక బావ దాన్ని చొక్కాలో దోపుకున్నాడు. ఒకే కాలర్లోంచి రెండు తలలు బయటికి చూశాయి. ఎటు నుంచి వచ్చామో రెండింటికీ తెలియదు.

"నీళ్ళ వాలుకి వచ్చాం బావా. ఇప్పుడు ఎదురెళ్ళాలి."

"నీళ్ళకేం తెలుసురా, అవేమైనా పెయింటర్లా? బాణం చూడు."

బాణం వాలువైపే చూపిస్తోంది. వెళ్ళాం. తర్వాత ఒక్క బాణమూ కనబడలేదు. చెమ్మకి ఊడిపోయి ఉంటాయని బావ పెయింటు కంపెనీని తిట్టాడు. ఆ తర్వాత ఒక ఇనప నిచ్చెన, పైన ఒక మూత వచ్చాయి.

"మన పెరట్లో నిచ్చెన ఎప్పుడు పెట్టించావు బావా?"

"మీ అక్క పెట్టించుంటుంది. నాకేం చెప్తుంది?"

మూత ఎత్తితే పైన నాలుగు బల్లకాళ్ళు, పది జతల చెప్పులు, పేపర్ల గరగర. ఎదురుగా అద్దాల తలుపు. దాని మీద బావ రాసిన 'నిశ్శబ్దం'. లోపలివాళ్ళకి అది తిరగబడే కనిపిస్తుంది. అందుకే లైబ్రరీలో అందరూ మాట్లాడుకుంటారు, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు మాత్రం గొంతు తగ్గిస్తారు.

బావ ఆ తలుపుని చాలాసేపు చూశాడు.

"ఒరేయ్, ఆ బాణాలు కూడా..."

"అవును బావా."

దొరసాని కాలర్లోంచి గట్టిగా అరిచింది. కౌంటర్ దగ్గర్నుంచి అక్క నడిచి వచ్చి, బల్ల కిందకి వంగి, గుసగుసగా అడిగింది.

"తలుపు తీశారా?"

"లేదు. వాకింగ్‌కి తీసుకొచ్చాం."

"నేల కిందా?"

"పైన ఎండగా ఉందని."

అక్క చొక్కాలోంచి బాతుని తీసుకుని, కొంగుతో దాని ముక్కు తుడిచింది. జలుబు చేసినట్టే ఉంది. బావ ముఖం పాలిపోయింది.

"ఇంటికి రండి, మాట్లాడదాం," అంది అక్క.

బావ ఒకసారి తలుపు వంక, ఒకసారి నిచ్చెన వంక చూశాడు. "ఎటు నుంచి రమ్మంటావు?"

"ఎటు నుంచైనా సరే. హాల్లోకే."