పేజీలో లేని మాట

పయోమ్ ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని ఒక్కటే, నటుల చెవిలో మాటలు అందించడం. సీరియల్ నటులకు డైలాగులు బట్టీ పట్టే తీరిక ఎక్కడిది? బఠాణీ గింజంత యంత్రాన్ని చెవిలో దూర్చుకుంటారు. తడిక వెనక కూర్చుని పయోమ్ మైకులో గుసగుసగా చదువుతుంది. అదే మాట వాళ్లు ఏడుస్తూనో, కళ్లెర్రజేస్తూనో అంటారు. చూసి దేశమంతా ఏడుస్తుంది. ఆమె పేరు సీరియల్ చివర్లో పరుగులు తీసే అక్షరాల్లో ఎక్కడో ఉంటుందట. ఎంత కళ్లు చికిలించినా ఆమెకే దొరకలేదు.

ఆ శుక్రవారం పొద్దున్నే బజారులో చేపఉండలు కాల్చే సాయ్‌బువా ఆమెను పట్టుకుంది.

"నిన్నటి సీరియల్ చూశావా పయోమూ? ఆ నాయనమ్మ, చచ్చిపోయిన మొగుడి చొక్కా మడతపెడుతుంటే నేను ఏడుస్తూ కూచున్నా. ఇక్కడ పెనం మీద ఉండలన్నీ మాడిపోయాయి! ఆ ఇల్లు, పడవలు, పాట, ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు."

"ఇంకేం మరి?"

"ఇంకేమా? ఆ హీరోగాడు! వాడూ హీరోయినూ ఒకళ్లనొకళ్లు చూసుకోవడానికే పావుగంట తీసుకుంటారు. పోనీలే, మొహం బావుంది, చూస్తాం. కానీ పెళ్లికి ఒప్పుకోలేదని పిల్లని ఎత్తుకుపోయి దీవిలో పెట్టాడే! చూస్తూండు, వచ్చేవారం ఆ పిల్లే వాడి కాళ్ల మీద పడి క్షమించమంటుంది. ఎన్ని సీరియళ్లు చూళ్లేదూ! ఈసారి గానీ అలా అందో, టీవీ పట్టుకెళ్లి కాలవలో పడేస్తా. నా మనవరాలు నోరు తెరుచుకుని చూస్తోంది. అదేం నేర్చుకుంటుందే?"

పయోమ్ నవ్వలేకపోయింది. ఆమె సంచిలో ఉన్న కాగితాల్లో, పద్నాలుగో పేజీలో, అచ్చం అదే ఉంది. ఆ క్షమాపణను తను ఇప్పటికి ఏడుగురు హీరోయిన్ల చెవుల్లో పోసింది. ఎనిమిదో చెవి ఈ మధ్యాహ్నమే. ఆమెకు సిగ్గేసింది.

కాలవ ఒడ్డున షూటింగ్ జరిగే టేకు ఇంటికి చేరగానే దర్శకుడు కృత్ దగ్గరికి వెళ్లింది.

"ఆ ఒక్క మాటా మార్చకూడదా బాబూ?"

"అక్కా, నీ పని చదవడం. రాసేవాళ్లు వేరే ఉన్నారు. పేజీ దాటి ఒక్క ముక్క చదివావంటే రేపు ఆ కుర్చీలో ఇంకొకరు కూచుంటారు." పెద్దదని గౌరవంగానే అన్నాడు, కానీ ఉత్తినే అన్న మాట కాదు.

అరవై దాటిన మనిషికి ఇంకో కుర్చీ ఎవరిస్తారు? పయోమ్ తడిక వెనక్కి వెళ్లి మైకు ముందు కూర్చుంది.

దీపాలు వెలిగాయి. వరండాలో హీరో థీరత్ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. అతనికి వచ్చిన చూపు ఒక్కటే, ప్రేమకూ కోపానికీ దాంతోనే సరిపెట్టుకుంటాడు. ఎదురుగా నిరిన్, ఇరవై రెండేళ్ల పిల్ల. కాగితాలు ఇప్పుడే చేతికొచ్చాయి కనక ఒక్క అక్షరం చదవలేదు. చెవి అప్పగించి నిలబడింది.

పయోమ్ పేజీ చూసింది. 'తప్పంతా నాదే, నన్ను క్షమించండి' అని ఉంది. పేజీని బోర్లా తిప్పేసింది.

"నేను ఏ తప్పూ చెయ్యలేదు," అంది మైకులో.

నిరిన్ కళ్లు ఒక్కసారి తడికవైపు తిరిగాయి. తర్వాత వెన్ను నిటారుగా నిలబెట్టి థీరత్ ముఖంలోకి చూసింది.

"నేను ఏ తప్పూ చెయ్యలేదు!"

"తప్పు మీది. ఆ మాట మీ నోటితోనే వినాలి," అందించింది పయోమ్. నిరిన్ అంది, ఈసారి కన్నీళ్లతో. ఆ కన్నీళ్లు ఎవరూ అందించినవి కావు.

ఇప్పుడు హీరో వంతు. అతని చెవీ పయోమ్ మాట కోసమే కాచుకుని ఉంది. ఆమెకు పట్టుదల వచ్చింది. చెప్పను, వాడే చెప్పాలి! మైకు మీద చెయ్యి అడ్డం పెట్టేసింది.

థీరత్ ఎదురుచూశాడు. చెవిలో చడీ చప్పుడూ లేదు. నుదుట చెమట పట్టింది, ఆ ఒకే ఒక్క చూపు జారిపోయింది. మెల్లగా మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తప్పు నాదే," అన్నాడు.

కృత్ ఆపమనడం మరిచిపోయాడు. చాలాసేపటికి తడిక దగ్గరికి వచ్చాడు.

"ఏ పేజీలో ఉందక్కా ఇది?"

"ఏ పేజీలోనూ లేదు బాబూ. పొమ్మంటే పోతాను."

కృత్ ముక్కు చీదుకున్నాడు. "ఎక్కడికి పోతావ్? తర్వాతి సీను ఎవరు చదువుతారు?"

ఆ సీను తర్వాతి గురువారం టీవీలో వచ్చింది. శుక్రవారం పొద్దున బజారంతా అదే గోల. సాయ్‌బువా అట్లకాడ ఊపుతూ అందరికీ చేసి చూపిస్తోంది. ఆమె మనవరాలు నడుం మీద చేతులు పెట్టుకుని "నేను ఏ తప్పూ చెయ్యలేదు!" అని దారిన పోయేవాళ్లందరినీ దబాయిస్తోంది.

"ఆ మాట రాసినవాడెవడో గానీ, వాడికి జన్మంతా చేపఉండలు ఊరికే పెడతా," అంది సాయ్‌బువా.

"వాడు కాదు. నేనే."

"నువ్వా! ఏదీ, నువ్వు అంటే ఎలా ఉంటుందో అను చూద్దాం."

అలవాటు కొద్దీ పయోమ్ గుసగుసగా మొదలుపెట్టబోయింది. ఆగి, సంచి కింద పెట్టి, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి బజారు మొత్తం వినేలా గొంతెత్తి అంది.