స్వీడన్ గోష్ఠి, గారెల వాయి

"ఒక్క వాయి వేసెయ్ నీహారికా, అందరూ వచ్చేశారు," అన్నాడు రామమోహన్. ఆ 'ఒక్క' ఎంత పెద్దదో తొమ్మిదేళ్ళ కాపురంలో నీహారికకు బాగా తెలిసింది. న్యూజెర్సీలోని పిస్కాటవేలో నెలకో శనివారం తెలుగువాళ్ళ చర్చాగోష్ఠి. మగవాళ్ళు హాల్లో దేశాలను ఉద్ధరిస్తుంటే ఆ ఇంటి ఇల్లాలు వంటింట్లోంచి వాళ్ళను పోషిస్తుంది. ఈ నెల వక్త రామమోహన్, విషయం స్వీడన్ సంక్షేమ రాజ్యం తొలినాళ్ళు. "నాకు ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. నువ్వు ఖాళీయేగా, స్లైడ్స్ చేసిపెట్టు. మన ఇళ్ళలోంచి ఎగ్జాంపుల్స్ పడెయ్, జనం కనెక్ట్ అవుతారు," అన్నాడు నెల ముందే. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు గానీ మొగుడి పని ఎంతైనా చేయొచ్చు. హైదరాబాద్‌లో ఎకనామిక్స్ పాఠాలు చెప్పిన మనిషికి ప్రాణం లేచివచ్చింది. మూడు వారాలు లైబ్రరీ పుస్తకాల మీద పడి ఇరవై స్లైడ్లు చేసింది. తన పాఠాన్ని ఒక్కసారి తీరిగ్గా కూర్చుని వినాలని ఆమె ఆశ. రామమోహన్ ఆ స్లైడ్లను తెరిచి చూడలేదు. లంచ్ బాక్స్‌లో ఏముందో ఆఫీస్‌కి వెళ్ళాకే చూసే రకం అతను.

"పందొమ్మిది వందల పదమూడులోనే అందరికీ పెన్షన్ చట్టం తెచ్చారు," హాల్లో గంభీరంగా చదువుతున్నాడు. "కాకపోతే ఆడవాళ్ళకి తక్కువ."

పచ్చిమిర్చి తరుగుతున్న అత్తగారు రత్నమ్మ కత్తి కింద పెట్టింది. "అంత చలిదేశంలో కూడానా!" అంటూ వెళ్ళి సోఫాలో కూర్చుంది.

నీహారిక అటే చెవి పెట్టింది. నూనె చిటపటల్లో సగం మాటలు కొట్టుకుపోతున్నాయి. తన పాఠం తనకే వినపడనందుకు ఆమెకు ఏడుపొచ్చింది. స్టవ్ కట్టేసి గుమ్మంలోకి వచ్చింది. రామమోహన్ తర్వాతి స్లైడ్ చదువుతున్నాడు.

"దేశం మంచి ఇల్లులా ఉండాలన్నాడు అక్కడి నాయకుడొకాయన. అందులో ముద్దుబిడ్డలుండరు, సవతిబిడ్డలుండరు. ఎగ్జాంపుల్: మీరు తింటున్న ఈ గారెలు వేయించిన మనిషి కూడా ఇప్పుడు మీ పక్కన కూర్చుని ఉండాలి."

చదివేశాక గానీ ఏం చదివాడో అతనికి తెలియలేదు. ముందు వరసలో కూర్చున్న అతిథి భీమశంకరం నోట్లో గారె నోట్లోనే ఆగిపోయింది.

"ఎంత బాగా రాశావురా నాన్నా!" కళ్ళొత్తుకుంది రత్నమ్మ. ఇక రాసింది తను కాదని రామమోహన్ ఎలా అంటాడు?

నీహారిక చేతులు తుడుచుకుని అత్తగారి పక్కన కూర్చుంది.

"నీహారికా, రెండో వాయి..." నసిగాడు.

"పిండి ఫ్రిజ్‌లో పెట్టేశానండీ. తర్వాతి స్లైడ్ తియ్యండి, అందులో వంటింటి ఎగ్జాంపుల్ కింద మీ పేరుంది."