ఇంజను ఆపే వైరు

ఇంజను స్టార్ట్ కావడం లేదని నా షెడ్డుకు వచ్చే ప్రతివాడూ ముందు ఒకటే మాట అంటాడు: "నిన్నటిదాకా బంగారంలా నడిచింది." వినీ వినీ ఆ మాటంటేనే నాకు వెగటు పుట్టింది. బంగారమట! పైమూత తీస్తే లోపల చేప పొలుసులు, ఎండిన ఉప్పు, ఎవడో తుడిచి మరిచిపోయిన బనియను గుడ్డ. పడవ వెనక తగిలించేదీ ఇంజనేనని, దానికీ శుభ్రం కావాలని ఈ రేవులో ఒక్కడికీ పట్టదు.

ఆ సాయంత్రం అలాంటి రోతను మోసుకొచ్చింది మా అక్క మొగుడు. ఆయన ఒక పక్క, నా మేనకోడలు ఇంకో పక్క పట్టుకుని ఇంజనును స్టాండుకు తగిలించారు. బావకు కుడికాలు సరిగా ఆనదు. రెండేళ్లుగా కుంటుతూనే ఉప్పుటేరు దాటించే పడవ నడిపాడు. ఇక చేతకాక మర్నాటి నుంచి కూతురికి అప్పగిస్తున్నాడు. దానికి పంతొమ్మిదేళ్లు. లైసెన్సు చేతికొచ్చి నాలుగు రోజులైంది. పొద్దున ఆరింటికి మొదటి ట్రిప్పు.

"నిన్నటిదాకా బంగారంలా నడిచిందిరా," అన్నాడు బావ.

"అంటావని తెలుసు," అన్నాను.

ఏమేం చేశారని అడిగితే మేనకోడలు పాఠంలా అప్పజెప్పింది. నలభైసార్లు తాడు లాగారు. కొత్త ప్లగ్గు వేశారు. అయినా రాకపోతే కార్బురేటర్ విప్పి కడిగారు. రోగమొకటి, మందొకటి. "స్పార్కు వస్తోందో లేదో చూశారా?" అంటే తండ్రీకూతుళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అదీ మనవాళ్ల వరస. చూడరు, విప్పుతారు.

ప్లగ్గు ఊడదీశాను. పెట్రోలుతో తడిసి ముద్దగా ఉంది. అంటే పెట్రోలు అందుతోంది, మండించే నిప్పే లేదు. ప్లగ్గును దాని టోపీలో గుచ్చి, ఇంజను ఒంటికి ఆనించి, తాడు లాగమన్నాను. మేనకోడలు లాగింది. రవ్వ కూడా లేదు. అప్పుడు స్టాప్ స్విచ్చు నుంచి వచ్చే వైరును జాయింటు దగ్గర ఊడదీసి మళ్లీ లాగమన్నాను. టక్కున నీలం నిప్పు ఎగిరింది.

"వచ్చింది మామయ్యా!" అని గెంతింది.

రోగం స్విచ్చులో ఉంది, ఆపమనకుండానే అది నిప్పును ఆపేస్తోంది. విప్పి చూస్తే లోపలంతా పచ్చటి చిలుము, ఉప్పు బురద, దాన్ని కప్పుతూ బావ పూసిన గ్రీజు. ముట్టుకోబుద్ధి కాలేదు. ఈ స్విచ్చుకే ఎర్ర తాడు క్లిప్పు ఉంటుంది. తాడు రెండో కొస నడిపేవాళ్లు చేతికి తగిలించుకోవాలి. మనిషి నీళ్లలో పడితే క్లిప్పు ఊడుతుంది, ఇంజను ఆగిపోతుంది. కొత్త స్విచ్చు రావాలంటే రెండు రోజులు పడుతుందని చెప్పాను.

"ఇప్పుడు నిప్పు వస్తోందిగా, ఆ వైరు అలాగే వదిలెయ్," అన్నాడు బావ. "ఆపాలంటే చోక్ లాగితే సరి. రేవులో పడవలన్నీ అలాగే తిరగట్లా?"

ఇంకెవడైనా అంటే సరే. రెండేళ్ల కింద ఈయన ఇదే మాట అన్నాడు, నేను ఇదే వైరు ఊడదీసి టేపు చుట్టాను. నెల తిరక్కుండా లాంచీ అలకు నీళ్లలో పడ్డాడు. ఇంజను ఆగలేదు. ఖాళీ పడవ గుండ్రంగా తిరిగి ఆయన మీదికే వచ్చింది. ప్రొపెల్లర్ పిక్కను చీల్చేసింది. అక్కకు మాత్రం పాత రేకు కోసుకుందని చెప్పాం, ఇద్దరం కూడబలుక్కుని. ఆయన పరువు ఆయనది, నా షెడ్డు పేరు నాది.

"వదిలెయ్ మామయ్యా," అని మేనకోడలు బతిమాలింది. "ఆడపిల్లకెందుకు పడవ అన్నవాళ్లంతా రేవులో కాచుకుని ఉన్నారు. మొదటిరోజే రాకపోతే నా పని అయిపోతుంది."

బావ బల్ల మీద కూలబడి, నా వైపు చూడకుండా గోళ్లు గిల్లుకుంటున్నాడు. ఆ మనిషిని చూస్తే అసహ్యమేసింది. ఆయన పక్కన పటకారు పట్టుకుని నిలబడ్డ నా మీద అంతకన్నా అసహ్యమేసింది.

"మీ నాన్న కాలు రేకు కోయలేదు," అన్నాను.

"ఒరేయ్!" అన్నాడు బావ.

"ప్రొపెల్లర్ కోసింది. ఈ వైరు ఊడదీసింది నేను."

మేనకోడలు తండ్రి వైపు తిరిగింది. "నిజమా?"

"రెండు రోజులే కదమ్మా అనుకున్నా," అని నసిగాడు. "నీకు ఈత బాగా వచ్చు కదా."

"నీకు రాదా?"

స్విచ్చు వచ్చేదాకా ఈ ఇంజను కదలదని తెగేసి చెప్పాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాను, ఇన్నాళ్లకు కడుక్కున్నాను అనుకుని కాస్త నెమ్మదించాను.

"రేపు నా పడవ లేకపోతే జనం ఏ పడవ ఎక్కుతారు మామయ్యా?" అంది.

నేను పటకారు బల్ల మీద పెట్టాను.

"వాటికి వైర్లు ఊడదీసిందెవరు?"

"నేనే."

"ఎన్నింటికి?"

"పదకొండు."

"నాన్న కాలు తెగాక మా పడవ ఒక్కదానికే మళ్లీ కలిపావన్నమాట. మిగతావాళ్లకెందుకు కలపలేదు?"

"కలిపితే ఎందుకని అడుగుతారు," అన్నాను.

ఇందాక స్విచ్చు విప్పినప్పుడు నేను ఎలా మొహం పెట్టానో, అది నన్ను చూసి అలాగే పెట్టింది. చేతులు గుడ్డకు తుడుచుకుని రేవులోకి దిగింది. మొదటి పడవ దగ్గరే దాని గొంతు ఖంగుమంది: "మీ ఇంజనుకు ఆపే వైరు మా మామయ్య ఊడదీశాడు, మళ్లీ పెట్టించుకోండి!"

పడవవాడు నవ్వాడు. "తెలుసమ్మాయ్. అడిగి మరీ తీయించుకున్నాం. ఇప్పుడేం కొంప మునిగింది?"

మేనకోడలు వెనక్కి తిరిగి షెడ్డు వైపు చూసింది. బావ బల్ల పట్టుకుని లేచాడు, ప్యాంటు మోకాలిదాకా మడిచాడు, కుంటుకుంటూ రేవులోకి దిగాడు. ఆ కాలును నేనూ అప్పుడే మొదటిసారి సరిగా చూశాను.