బయానా ముట్టిన తువ్వాల

నేను ఒక దళారి భుజం మీద బతికిన తువ్వాలను. ఇప్పుడు నాలో చిరుగులు ఎక్కువ, గుడ్డ తక్కువ. నన్ను నేసినాయన దగ్గుతూనే నేశాడు. ఆ దగ్గుకే నా అంచులో ఒకచోట పోగు తప్పింది. ఆ తప్పు చూపించి ఈదయ్య నా ధర తగ్గించి కొన్నాడు. పశువుల అంగడిలో బేరాలు కుదిర్చే మనిషి, అడిగినంత ఇచ్చి ఎందుకు కొంటాడు?

ఆ అంగడిలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యి, దళారి చెయ్యి నా కింద దూరుతాయి. వేళ్లు పట్టి నొక్కుతారు, వదులుతారు, మళ్లీ నొక్కుతారు. పైన మొహాలు మాత్రం వాన గురించి మాట్లాడుతుంటాయి. ఏళ్ల తరబడి ఆ చెమట చేతుల మీద పడుకున్నాను. మనుషులు వేళ్లతో అబద్ధాలాడరని మొదట్లో అనుకునేదాన్ని.

బేరం కుదిరాక బయానా. మొత్తం ధరలో కొంత ముందుగా చేతిలో పెట్టడం. అది పడ్డాక ఎద్దు అమ్మినవాడి కొట్టంలోనే మేస్తున్నా అతనిది కాదు. డబ్బంతా కట్టలేదు కనుక కొన్నవాడిదీ కాదు. కొన్నవాడు వెనక్కి పోతే బయానా మీద ఆశ వదులుకోవాలి. అమ్మినవాడు వెనక్కి పోతే తీసుకున్నదానికి రెండింతలు కట్టాలి. జనం ఈ మాటను ఎడ్లకే ఉంచలేదు. పెళ్లి బ్యాండుకు బయానా, ఇటుకబట్టీకి పోయే కూలీలకు బయానా, వరి కోసే మిషన్‌కు బయానా. మబ్బు పట్టి నాలుగు చినుకులు రాల్చి పోయినా, "బయానా ఇచ్చి పోయిందిరా" అని నవ్వుకునేవారు.

ఆ ఏడు ఆ చినుకులూ లేవు. భర్త పోయాక కౌలు చేను చేసుకుంటున్న కొమురవ్వ, గడ్డి పెట్టలేక జత ఎడ్లను అంగడికి తోలుకొచ్చింది. ఆడవాళ్లు నా కింద చెయ్యి పెట్టరు. ఆమె మాట కూడా ఈదయ్య వేళ్లే చెప్పాయి. వీరమల్లు అనే వ్యాపారి ఎడ్లను కొన్నాడు. మిగతా డబ్బు, ఎడ్ల అప్పగింత వచ్చే అంగడికి అని మాట. బయానా నోట్లు నా మీద పెట్టాడు.

"తీసుకో చెల్లె" అన్నాడు ఈదయ్య.

"నీ కాడనే ఉండనీ అన్నా. ఎడ్లకు నీళ్లు వెట్టొస్త."

ఈదయ్య నోట్లను నా కొసన ముడివేశాడు. ఆమె నీళ్లు పెట్టింది. ఊరివాళ్లు కదిలితే తోడు దొరికిందని, వాళ్ల వెంటే ఎడ్లను తోలుకుని వెళ్లిపోయింది. ముడి నాలోనే మిగిలింది.

ఆ వారంలోనే వాన కొట్టింది, చేను నిండా. తర్వాతి అంగడికి కొమురవ్వ ఎడ్లు లేకుండా వచ్చింది.

"ఎడ్లను ఇయ్యలేనన్నా. నేల పదునైంది. ఇప్పుడు విత్తు పడకుంటే ఆసామి చేను గుంజుకుంటడు. ఇగ నేనేం తినాలె?"

వీరమల్లు పకపకా నవ్వాడు. "వాన వడితే ఒక మాట, ఎండ కొడితే ఒక మాటనా అక్కా? రెండింతలు వెట్టు, నీ ఎడ్లు నీవే."

ఆమె దగ్గర విత్తనాలకే డబ్బు లేదు.

"బయానా ముట్టిందా, లేదా?" వీరమల్లు ఈదయ్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు దలాల్."

ముడి ఈదయ్య పిడికిట్లో ఉంది. ఆ క్షణాన దాన్ని ఆమె చేతిలోకి జార్చినా అడిగేవాడు లేడు. బేరం నిలబడేది, దళారీ రూకలు చేతికొచ్చేవి. ఆ చెయ్యి ఒకసారి వదులైంది. మళ్లీ బిగిసింది.

"ఆమెకు ముట్టలే. నా తువ్వాలకు ముట్టింది."

"అయితే నీ తువ్వాలనే నాగలికి కట్టుకుంట తియ్!"

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు.

"కట్టుకో. పైసలు నా కాడున్నయ్, మాట తప్పింది నేనే. రెండింతలు నేనిస్త."

ముడి విప్పి బయానా వాపసు ఇచ్చాడు. రెండో వంతుకు నడుముకున్న సంచి దులిపాడు. చాలలేదు. వీరమల్లు ఆ భుజం మీదినుంచి నన్ను లాగాడు.

"తక్కువ వడ్డదానికి ఇది. ఇగ దీంతోటి నీకేం పని? బయానా ఇరగ్గొట్టిన దలాల్‌కు ఎవడు చెయ్యిస్తడు?"

ఈదయ్య నన్ను పట్టుకోలేదు. కొమురవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అనబోయింది.

"నిలబడి ఏడుస్తవేంది చెల్లె, పదును ఆరుతది. పో" అన్నాడు.

వీరమల్లు అన్నట్టే అయింది. ఆ తర్వాత ఈదయ్యకు ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. నేను వీరమల్లు మోటారు బండి చైను తుడుస్తూ నల్లబడ్డాను. కొమురవ్వకు ఎంత పండిందో నాకు తెలియదు. మసిగుడ్డకు ఎవరు చెబుతారు?

బండి అంగడిలో ఆగినప్పుడల్లా చూస్తుంటాను, ఈదయ్య మాత్రం అంగడి మానలేదు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని పశువుల్ని చూస్తుంటాడు. మొన్న కొత్తగా వచ్చిన దళారి ఒకడు ఎగతాళికి అడిగాడు: "పెద్దమనిషీ, బయానా అంటే ఏందే?"

"ముట్టుకుంటే కాలేది" అని ఈదయ్య టీ ఊదుకున్నాడు.