బోర్డు మీద పేరు

తిమ్మప్ప పొద్దున్నుంచి కూర్చున్నచోట కుదురుగా కూర్చోలేదు. మోకాలి ఆపరేషన్ అయి ఇంకా నెల తిరగలేదు. ఎక్కువ నడవొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అయినా మణికొండ ఫ్లాటులో హాలు నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి హాలుకి కర్ర టకటకలాడిస్తూ తిరుగుతూనే ఉన్నాడు. కూతురి కాన్పుకని మూడు నెలల కింద బెంగుళూరు పోయిన సుబ్బమ్మ ఆ రోజు తిరిగొస్తోంది. ఒక్కతే, అదీ మొట్టమొదటిసారి విమానంలో. ఆమెకు చదువు రాదు. చక్కెర జబ్బు ఉంది, వేళకు తినకపోతే కళ్లు తిరిగి పడిపోతుంది.

విమానం పదకొండుకే దిగింది. గోడ గడియారంలో పన్నెండు దాటింది. ఆమె ఫోను మోగడమే లేదు. విమానం ఎక్కేముందు కూతురు దాన్ని ఆపేసి ఇచ్చింది, మళ్లీ ఎలా తెరవాలో సుబ్బమ్మకు తెలియదు.

అసలు కొడుకు సందీపే ఎదురు పోవాలి. రాయదుర్గంలో వాడి ఆఫీసులో ఆ రోజే కదల్లేని పని పడింది. "దిగులుపడాకు నాయనా, ఎయిర్‌పోర్టులో బోర్డు పట్టుకోని నిలబడి, మనోళ్లను కారెక్కించేదానికి సర్వీసు ఉండాది. ఫోన్లోనే బుక్ చేస్తా. ఎవురి పేరు పెట్టేది?" అని ముందురోజే అడిగాడు.

తిమ్మప్ప ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా పేరు పెట్రా. ఇంటికి పెద్దోణ్ణి నేనుండంగా ఇంకెవురి పేరు పెడతావు?"

ఇంటి పన్ను నుంచి గ్యాసు బండ దాకా అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి మరి.

సందీప్‌కి ఇప్పుడు ఫోను చేస్తే ఎత్తలేదు. సర్వీసు వాళ్ల నంబరుకు చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది. ఆ తర్వాత పాట మొదలైంది. తిమ్మప్ప ఫోను చెవికి ఆనించుకుని అరగంట ఆ పాటే విన్నాడు. అది అయిపోయి, మళ్లీ మొదటికొచ్చింది. విసుగొచ్చి ఫోను పెట్టేసిన మరుక్షణమే అది మోగింది.

"తిమ్మప్ప గారేనా? నేను స్వరూపను, సర్వీసు నుంచి. మీ పాసింజర్ రాలేదు సార్. ఎన్నిసార్లు చేసినా మీ ఫోన్ బిజీ వస్తుంది. నా టైం అయిపోయింది, ఇగ ఇంకో ఫ్లైట్ చూసుకోవాలె."

"రాకపోవడమేంది తల్లీ! ఎర్రంచు పచ్చ చీర, బేసరి ఉంటాది ముక్కుకు..."

"అగో, గా పెద్దమ్మనా? చక్రాల కుర్చీల వచ్చింది గదా. నేను బోర్డు పట్టుకొని తిమ్మప్ప, తిమ్మప్ప అని పిలుస్తుంటే నా దిక్కే చూసింది. ఎవరి పేరు మీద బుకింగు అమ్మా అంటే మూతి తిప్పుకున్నది. చెప్పమంటే చెప్పనన్నది. పేరు చెప్పకుంటే తీస్కపోవద్దని మాకు రూలు సార్. మొన్న ఒకరి బదులు ఇంకొకరిని ఎక్కిస్తే పెద్ద పరేషాన్ అయింది."

తిమ్మప్ప నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నలభై ఐదేళ్ల కాపురంలో సుబ్బమ్మ ఒక్కసారి కూడా ఆయన పేరు పలకలేదు. జనాభా లెక్కలవాళ్లు వచ్చి అడిగినా పక్కింటామె చేత చెప్పించింది. అలాంటిది, కొత్త చోట, అంతమంది మగవాళ్ల మధ్యలో చెబుతుందా?

"ఆయమ్మ నా పేరు అనదు తల్లీ! ఫోను ఆమెకియ్యి, నేను మాట్లాడతా."

"ఆమె ఇప్పుడు ఈడ లేదు సార్. ఆ కుర్చీ తోసేటాయన అవుతలికి తీస్కపోయిండు."

"అవుతలికంటే యాడికి?"

"ఏమో సార్."

ఫోను కట్టయింది. తిమ్మప్ప గడియారం వైపు చూశాడు. సుబ్బమ్మ పొద్దున ఆరుకు తిని ఉంటుంది. ఎక్కడ కూర్చుందో, ఎవరితో పోయిందో. ఇంటి పెద్దనన్న గొప్పకు పోయి, ఆమె నోటికి తాళం తానే వేశాడు. చొక్కా తగిలించుకుని తలుపు దాకా పోయాడు, వెనక్కొచ్చాడు, మళ్లీ పోయాడు. పోయి మాత్రం ఎక్కడ వెతకాలి?

అప్పుడు మోగింది, తెలియని నంబరు.

"పెద్దాయనా, నేను విమానం కాడ కుర్చీ తోసేటోణ్ణి. బెంగుళూరుల మీ బిడ్డ కౌంటర్ కాడ అడిగి కుర్చీ పెట్టించిందంట. ఎవరికి ఫోన్ చెయ్యాలమ్మా అని అడిగిన. ఆకువక్కల సంచిలకెళ్లి మీ నంబరున్న చీటీ తీసిచ్చింది. అరగంట సంది చేస్తున్న, ఒకటే బిజీ! ఎవరితోని గంత ముచ్చట?"

తిమ్మప్ప ఫోను చెవికి నొక్కుకున్నాడు. "ఆయమ్మ తినిందా?"

"ఇడ్లీ తిన్నది. ఇగో, మాట్లాడు."

సుబ్బమ్మ గొంతు ఫోను పగిలేట్టు వచ్చింది. "ఎవురయ్యా ఆ యమ్మి? నడి ఎయిర్‌పోర్టులో నీ పేరు పట్టుకోని కేకలేస్తాంది! నాకు తల కొట్టేసినట్టయింది!"

"నేనే పెట్టిచ్చినా లేవే. నీ పేరు పెట్టించాల్సింది."

సుబ్బమ్మ గొంతు తగ్గింది. "సరే, ఇంటి అడ్రసు ఈ అన్నకు చెప్పు. టాక్సీ ఎక్కిస్తాడంట" అంది.

టాక్సీ నార్సింగి దాటిందని డ్రైవరు చెప్పేసరికి తిమ్మప్ప గేటు దగ్గరే ఉన్నాడు. వాచ్‌మన్ కుర్చీ వేసినా కూర్చోలేదు. వచ్చే ప్రతి కారులోకీ తొంగి చూస్తున్నాడు. సందీప్ అప్పుడు ఫోను చేశాడు.

"నాయనా, అమ్మొచ్చిందా? సర్వీసు ఎట్లుండాదో స్టార్లు ఇయ్యమని మెసేజ్ వచ్చింది, ఎన్ని ఇయ్యమంటావు?"

"ఎవురికి ఫోన్ చెయ్యాలమ్మా అని ఒక్క మాట అడగలేదురా వాళ్లు. స్టార్లన్నీ కుర్చీ తోసినాయనకియ్యి" అంటుండగానే తెల్ల కారు వచ్చి ఆగింది.

సుబ్బమ్మ దిగింది. సంచి, చీర, ముక్కుబేసరి, అన్నీ ఉన్నాయి. ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏమయ్యా, కర్ర యాడ పెట్టినావు?"

అప్పుడు గానీ తిమ్మప్ప తన చేతి వైపు చూసుకోలేదు.